రాడ్డు మారితే ఎవరికి పరీక్ష?

“ఎలక్ట్రోడ్ రకం మారినందున డబ్ల్యూ 17 నంబరు వెల్డరు తిరిగి అర్హత పరీక్షకు హాజరు కావాలి.”

ఈ వాక్యం రాసింది నేనే. మొదట ‘హాజరు కావలెను’ అని రాసి, అది మరీ సర్కారు తెలుగులా ఉందని ‘కావాలి’ అని దిద్దాను. ఇంగ్లీషులో రెండు వరుసలున్నదాన్ని ఒక వరుసలోకి తెచ్చానని ఆ సాయంత్రం కాస్త సంతోషపడ్డాను కూడా. ఆ వాక్యం ఒక స్త్రీకి ఏం చేస్తుందన్నది నాకప్పుడు తోచలేదు. పదేళ్లపాటు స్త్రీల స్వీయచరిత్రలు చదివి డాక్టరేట్ తీసుకున్నదాన్ని. ఎవరి గురించి ఎవరు ఏ మాట వాడారో వెతకడమే నా చదువు. అయినా తోచలేదు.

హైదరాబాదు శివార్లలో మందుల కంపెనీలకు స్టెయిన్‌లెస్ స్టీల్ ట్యాంకులు, పైపులైన్లు చేసే వర్క్‌షాపు అది. కాంట్రాక్టు లెక్చరర్ ఉద్యోగం రెన్యువల్ కాని ఏడాది, అక్కడి పని సూచనలను తెలుగులోకి తెచ్చే పని దొరికింది. పేజీకి ఇంత అని లెక్క. తెలుగు, హిందీ, ఒడియా మాట్లాడే పనివాళ్ల మధ్య గోడలమీద అన్నీ ఇంగ్లీషు కాగితాలే. వాటిని చదవగలిగేలా చెయ్యడం నా వంతు.

పరీక్ష పాసైన ప్రతి వెల్డరుకీ అక్కడ ఒక నంబరు ఉంటుంది. తాను వేసిన అతుకు పక్కన ఆ నంబరు గుర్తు పెడతారు. రేపెప్పుడైనా ఆ జాయింటు కారితే ఎవరి చెయ్యో తెలియాలి. డబ్ల్యూ 17 ఆ షాపులో ఉన్న ఏకైక మహిళా వెల్డరు. ఐటీఐలో వెల్డింగ్ చేసింది. పెళ్లయ్యాక కూడా మానలేదు. గర్భం వచ్చిన నాలుగో నెలలో ఆమెను వెల్డింగ్ నుంచి తప్పించి రాడ్ల స్టోరులో కూర్చోబెట్టారు. అది సరైన పనే. స్టెయిన్‌లెస్ స్టీల్ వెల్డింగ్ పొగలో హెక్సావలెంట్ క్రోమియం ఉంటుంది. వెల్డింగ్ పొగ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2017లో తేల్చింది. ఆ పొగ మగవాళ్ల ఊపిరితిత్తులకు మాత్రం మంచిదా అన్న ప్రశ్న వేరే వ్యాసానికి వదిలేస్తాను.

నోటీసు బోర్డుమీద పెట్టిన మర్నాడు మధ్యాహ్నం ఆమె నా టేబుల్ దగ్గరికి వచ్చింది. చేతిలో పాలిథిన్ కవరు, అందులో ఆమె అర్హత కార్డు జిరాక్సు.

“మేడమ్, ఆ నోటీసు మీరే రాసిన్రంట గద.”

అవునన్నాను.

“నా కార్డు మీద ఎఫ్ ఐదు అని ఉంది. కొత్త రాడ్డు ఎఫ్ ఎంత?”

నాకు తెలియదు. ఎఫ్ అంటే ఏమిటో కూడా తెలియదు. అనువాదంలో ఆ అక్షరాన్ని అలాగే దించేశాను.

“మరి ఏం మారిందని రాసిన్రు?” అంది. కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవడానికే అడిగింది. స్టోరులో కూర్చున్న నెలల్లో ఆమె చేసిందల్లా రాడ్లు ఓవెన్‌లో పెట్టడం, లెక్క రాసి ఇవ్వడం, డబ్బాల మీద ఉన్నది చదవడం. అలా ఆమెకు వచ్చిన చదువు నాకు లేదు.

ఆ రాత్రి మొదలుపెట్టి, క్వాలిటీ విభాగంలో ఉన్న కోడ్ పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘం బాయిలర్ కోడ్‌లో తొమ్మిదో భాగం అది. ఆ కోడ్ వెనక మరణాలున్నాయి. 1905 మార్చిలో మసాచుసెట్స్‌లోని బ్రాక్టన్‌లో ఒక చెప్పుల ఫ్యాక్టరీ బాయిలర్ పేలి 58 మంది చనిపోయారు. అలాంటి ప్రమాదాల తర్వాతే బాయిలర్లు ఎలా చెయ్యాలన్నదానికి ఒక ఉమ్మడి నియమావళి కావాలన్న ఒత్తిడి పెరిగింది. 1915లో మొదటి కోడ్ వెలువడింది. కాబట్టి ఈ పరీక్షలంటే నాకు తేలికభావం లేదు. ఒత్తిడిలో ఉన్న పాత్ర అతుకు దగ్గర విచ్చుకుంటే పక్కన నిలబడ్డవాళ్లు బతకరు.

ఆ పుస్తకంలో మూడు కాగితాల సంగతి ఉంది. మొదటిది పద్ధతి పత్రం. ఈ లోహాన్ని, ఈ రాడ్డుతో, ఇంత నుంచి ఇంత కరెంటులో, ఇలా అతకాలి అని చెప్పేది. రెండోది ఆ పద్ధతికి పెట్టిన పరీక్ష రికార్డు. ఒక ముక్క అతికి, దాన్ని కోసి, రెండు పట్టీలను తెగేదాకా లాగి, నాలుగు పట్టీలను యు ఆకారంలో వంచి చూస్తారు. వంచినచోట మూడు మిల్లీమీటర్లకు మించిన పగులు కనిపిస్తే తప్పినట్టే. మూడోది వెల్డరు చేతికి పెట్టిన పరీక్ష రికార్డు.

పద్ధతి పత్రంలో ఉండేది ‘చెయ్యాలి’. రికార్డులో ఉండేది ‘చేశారు’. పద్ధతి పత్రాన్ని అవసరమైతే సవరించుకోవచ్చు. రికార్డులో ఆరోజు వాడిన రాడ్డునుగానీ, వచ్చిన ఫలితాన్నిగానీ తర్వాత మార్చడానికి లేదు. అది సాక్ష్యం. స్త్రీల స్వీయచరిత్రల మీద పనిచేసినన్నాళ్లూ నేను తచ్చాడింది ఈ తేడా చుట్టూనే. ‘ఇలా ఉండాలి’ అని మనకు రాసిపెట్టినవాటికీ, ‘ఇలా జరిగింది’ అని మనం రాసుకున్నవాటికీ మధ్య ఉన్న దూరం.

అయితే నన్ను ఎక్కువసేపు ఆపింది ఇంకో సంగతి. ఇంగ్లీషులో పద్ధతి పరీక్షకూ, వెల్డరు పరీక్షకూ ‘క్వాలిఫికేషన్’ అన్న ఒకే మాట. నేను రెండింటినీ ‘అర్హత పరీక్ష’ అనే రాసేశాను. కానీ అవి రెండూ వేర్వేరు ప్రశ్నలు. మొదటిది, ఈ పద్ధతిలో అతికితే ఆ జాయింటుకు కావలసిన బలం వస్తుందా అని అడుగుతుంది. అక్కడ చెయ్యి బాగుందని ముందే ఒప్పుకుని పద్ధతిని అనుమానిస్తారు. రెండోది, ఈ మనిషి లోపంలేని అతుకు వెయ్యగలదా అని అడుగుతుంది. అక్కడ పద్ధతి బాగుందని ఒప్పుకుని చేతిని అనుమానిస్తారు. నా తెలుగులో ఈ రెండు అనుమానాలూ కలిసిపోయాయి. కలిసిపోయినప్పుడు ఆ బరువు ఎవరిమీద పడుతుందో మనకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

మరి రాడ్డు మారితే ఎవరికి పరీక్ష? కోడ్ దీనికి చాలా నిదానంగా జవాబు చెబుతుంది. రాడ్లన్నిటినీ అది రెండు రకాల నంబర్లతో చూస్తుంది. ఎఫ్ నంబరు రాడ్డు వాడకాన్ని బట్టి, అంటే చేతికి దాని నడక ఎలా ఉంటుందన్నదాన్ని బట్టి పెట్టింది. ఎ నంబరు అతుకులో చివరికి మిగిలే లోహం కూర్పును బట్టి పెట్టింది. ఎఫ్ మారితే పద్ధతికీ పరీక్షే, చేతికీ పరీక్షే. ఎ మారితే పద్ధతికి పరీక్ష, చేతికి అక్కర్లేదు. రెండూ మారకపోతే పద్ధతి పత్రంలో రాడ్డు పేరు సవరిస్తే చాలు.

మామూలు స్టెయిన్‌లెస్ అతుకులకు వాడే 308ఎల్ రాడ్డు ఉంది. దాన్ని వదిలి, 2 నుంచి 3 శాతం మాలిబ్డినం ఉండే 316ఎల్ రాడ్డుకు మారారనుకుందాం. రెండూ ఎఫ్ 5, రెండూ ఎ 8. ఎవరికీ పరీక్ష లేదు. 309 నుంచి 310కి మారారనుకుందాం. ఎఫ్ అదే. కానీ 310లో నికెల్ 20 శాతం దాటుతుంది, ఎ 8 కాస్తా ఎ 9 అవుతుంది. పద్ధతికి పరీక్ష కావాలి. వెల్డరును మాత్రం కదిలించనక్కర్లేదు. స్టెయిన్‌లెస్‌నూ మామూలు ఉక్కునూ అతికేటప్పుడు 309ఎల్ బదులు నికెల్ మూలంగా ఉన్న రాడ్డుకు వెళ్లారనుకుందాం. ఎఫ్ 5 నుంచి ఎఫ్ 43 అవుతుంది. అక్కడ పద్ధతీ చెయ్యీ రెండూ పరీక్షకు నిలబడాలి. ఇంకొక మినహాయింపు ఉంది. బాగా చలిలో పనిచేసే పాత్రలకు అతుకు దెబ్బకు తట్టుకుంటుందో లేదో కూడా చూడమని ఉంటే, రాడ్డు వర్గం మారినా పద్ధతికి మళ్లీ పరీక్షే. అప్పుడూ వెల్డరుకు కాదు.

మా షాపులో మారిందేమిటంటే 308ఎల్-16 రాడ్డు స్థానంలో 308ఎల్-15. లోహం అదే. పైన ఉన్న పూత మారింది. 16లో టైటానియా పూత, ఏసీ మీదా డీసీ మీదా నడుస్తుంది, అతుకు నున్నగా వస్తుంది. 15లో సున్నం పూత, డీసీ మీదే నడుస్తుంది, కరిగిన లోహం త్వరగా గట్టిపడుతుంది. నిలువు పైపు జాయింట్లకు అదే మేలని మార్చారు. చలి పాత్రల ఆర్డరు కాదు అది. ఎఫ్ 5, ఎ 8. రెండూ మారలేదు. అంటే కోడ్ ప్రకారం ఏ పరీక్షా లేదు, ఎవరికీ లేదు.

కోడ్ లెక్కలో ఒకటే అయిన ఆ రెండు రాడ్లు చేతికి మాత్రం ఒకటి కావు. ఇది నాకు ఆమే చెప్పింది. “పదహారు దానంతట అదే పారుతది మేడమ్. పదిహేనును దగ్గర పట్టి నడిపియ్యాలె. జర దూరమైతే స్లాగు లోపల చిక్కుకుంటది. నాలుగు దినాలు చేస్తే చెయ్యి తిరుగుతది.” ఆ నాలుగు రోజులు ఎవరికీ ఇవ్వలేదు. సోమవారం పాత రాడ్డు, మంగళవారం కొత్త రాడ్డు. మొదటి వారం ఎక్స్‌రేల్లో ముగ్గురి అతుకుల్లో స్లాగు చిక్కిన చోట్లు కనిపించాయి. ఆ ముగ్గురిలో ఆమె ఒకతి. ముగ్గురూ గ్రైండింగ్ చేసి మళ్లీ వేశారు. నోటీసు మాత్రం ఆమెకే వచ్చింది.

నేను క్వాలిటీ ఇంజనీరు దగ్గరికి వెళ్లాను. ఆయన చెడ్డవాడు కాడు. ఎఫ్ నంబరు మారలేదు కదా అంటే, వెంటనే ఒప్పుకున్నాడు. “కానీ కోడ్ చెప్పేది కనీసం మేడమ్. కంపెనీ అంతకంటే ఎక్కువ అడగొచ్చు” అన్నాడు. అదీ నిజమే. ఎక్కువ అడిగే హక్కు కంపెనీకి ఉంది. అలాగైతే కొత్త రాడ్డు పట్టిన అందరినీ అడగాలి కదా అన్నాను. “ఆమె గ్యాప్ నుంచి వచ్చింది కదా” అన్నాడు.

అసలు మాట అది. రాడ్డు కాదు.

ఆ గ్యాప్ సంగతి కూడా కోడ్‌లో ఉంది. ఒక వెల్డరు ఆరు నెలలపాటు ఒక ప్రాసెస్‌లో వెల్డింగ్ చెయ్యకపోతే ఆ ప్రాసెస్‌లో అర్హత పోతుంది. మన దేశంలో ప్రసూతి సెలవు 2017లో 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగింది. 26 వారాలంటే సరిగ్గా ఆరు నెలల అంచు. దానికి ముందు పొగ నుంచి తప్పించిన నెలలు కలిపితే, బిడ్డను కన్న వెల్డరు అర్హత కోల్పోకుండా తిరిగి రావడం దాదాపు జరగని పని. ఈ నియమం రాసినవాళ్లు ఆడవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాశారని అనను. అసలు ఆడవాళ్లు వాళ్ల దృష్టిలో ఉన్నారా అన్నదే నా సందేహం.

అయితే తిరిగి రావడానికి అదే పుస్తకం చూపించిన దారి చదివి ఆశ్చర్యపోయాను. ఒక్క ముక్క. ప్లేటైనా పైపైనా, ఏ మందమైనా, ఏ భంగిమలోనైనా ఒక్క ముక్క అతికి పాసైతే చాలు. ఆ ప్రాసెస్‌లో మునుపున్న అర్హతలన్నీ, అన్ని మందాలకూ అన్ని భంగిమలకూ, మొత్తంగా తిరిగి వస్తాయి. మొదటినుంచి మొదలుపెట్టమని అనదు. మధ్యకాలంలో ఎక్కడికి వెళ్లావని అడగదు. చెయ్యి మరిచిపోలేదని ఒక్కసారి చూపించు, నీ వెనకటిదంతా నీదే అంటుంది. ఆమె సెలవు నుంచి వచ్చిన వారంలోనే ఆ ముక్క అతికి పాసైంది. ఆ కాగితం ఫైల్లో ఉంది. అంటే గ్యాప్ లెక్క అప్పుడే తీరిపోయింది. తీరినా దాన్ని మళ్లీ తెరిచి, రాడ్డు పేరు చెప్పి వసూలు చేశారు. దానికి తెలుగు నేను సమకూర్చాను.

ఈ విషయం రాద్దామని కూర్చున్నప్పుడు నాకు ఆగస్టా క్లాసన్ గుర్తొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ఓడల నిర్మాణంలోకి స్త్రీలు వేల సంఖ్యలో వెల్డర్లుగా వెళ్లారు. శిక్షణ తీసుకున్నవాళ్లలో చాలామంది పని మానేస్తున్నారు, ఎందుకో తెలియడం లేదు. అక్కడి విద్యాశాఖలో పనిచేసే క్లాసన్ తన ఉద్యోగం సంగతి బయటపెట్టకుండా ఒరెగాన్‌లో ఒక షిప్‌యార్డులో మామూలు వెల్డరుగా చేరింది. రోజూ డైరీ రాసింది. అది 1944లో పుస్తకంగా వచ్చింది. ఆడవాళ్లు ఎందుకు నిలవలేకపోతున్నారు అన్న ప్రశ్నకు జవాబు ఆడవాళ్లలోనే ఉందని అనుకోకుండా, వాళ్లకిచ్చిన శిక్షణలో, వాళ్లు నిలబడ్డ చోటులో, ఎక్కాల్సిన నిచ్చెనల్లో వెతకడానికి ఒక మనిషి తానే వెల్డరు ముసుగు తగిలించుకోవలసి వచ్చింది. ఆమె చేసింది పద్ధతికి పరీక్ష పెట్టడమే.

సాహిత్య విభాగాల్లో ఇలాంటి పుస్తకాన్ని స్వీయకథనమని చదువుతాం, పాఠం చెబుతాం. నేనూ చెప్పాను. ఇప్పుడు చూస్తే, మన ఉద్యోగాల్లో మనల్ని పిలిచే పరీక్షల్లో ఎన్ని చేతికి, ఎన్ని పద్ధతికి అని నేనెప్పుడూ లెక్కపెట్టుకోలేదు. పెళ్లయ్యాక ఊరు మారితే ఇంటర్వ్యూలో ‘ఇక్కడ కొనసాగుతారా’ అని అడిగారు. బిడ్డ పుట్టాక ‘పరిశోధన మీద మునుపటి ధ్యాస ఉందా’ అని అడిగారు. ఏ నంబరు మారిందని ఈ పరీక్ష అని ఎదురడగాలని నాకు ఒక్కసారీ తోచలేదు. బాగా జవాబు చెప్పి పాసవ్వాలన్న పట్టుదల ఒక్కటే ఉండేది. పాసవుతూ ఉండటం కూడా ఒక రకమైన ఒప్పుకోలే. పరీక్ష అవసరమేనని మనమే సంతకం పెట్టినట్టు.

డబ్ల్యూ 17 అడిగింది. అడిగింది గానీ ఆగలేదు. నేను పుస్తకం తిరగేస్తున్న మూడు రోజుల్లో ఆమెను జాయింట్ల మీదికి పంపకుండా గ్రైండింగ్‌లో పెట్టారు. మూడో రోజు పరీక్ష రాసినట్టే వెళ్లి ముక్క అతికి వచ్చింది. వంచి చూశారు. ఒక్క గీత కూడా లేదు. ఇంజనీరు నాతో, “పాసైంది కదా మేడమ్, ఇంకా గొడవేముంది?” అన్నాడు.

గొడవ ఫైల్లో ఉంది. వెల్డరు పనితనాన్ని శంకించడానికి ప్రత్యేకమైన కారణం ఉంటే అర్హతను రద్దు చెయ్యవచ్చని కోడ్‌లో ఒక వాక్యం ఉంది. ఎక్స్‌రేలో స్లాగు కనిపించడం అలాంటి కారణమని వాళ్లు నిజంగా అనుకుంటే ముగ్గురికీ అదే చెప్పాలి, కాగితంలో అదే రాయాలి. అలా చెప్పకుండా రాడ్డు మారిందని రాశారు. రేపు ఎవరో కొత్త ఇన్‌స్పెక్టరు ఫైలు తిప్పితే, ఒకే రాడ్డు పట్టిన వాళ్లందరిలో ఒక్కామెకే మళ్లీ పరీక్ష జరిగినట్టు కనిపిస్తుంది. ఆమె చేతిలో ఏదో ఉందనుకుంటాడు. పాసైన కాగితమే అనుమానానికి సాక్ష్యమైపోతుంది. రికార్డును దిద్దడానికి లేదు, దిద్దాలని నేను అడగలేదు. పక్కన ఇంకో కాగితం పెట్టమని అడిగాను. వారం తిరిగాక పెట్టారు. ‘ఎఫ్ నంబరు మారలేదు. ఈ పరీక్ష కోడ్ ప్రకారం అవసరమైనది కాదు’ అని రెండు వాక్యాలు, కింద ఇంజనీరు సంతకం.

నా వంతుగా చేసింది ఇంకా చిన్నది. తెలుగు పత్రాలన్నిటిలో ‘అర్హత పరీక్ష’ అన్న మాట తీసేశాను. ‘పద్ధతి పరీక్ష’, ‘చేతి పరీక్ష’ అని విడివిడిగా రాశాను. చేతి పరీక్ష నోటీసు నమూనాలో ‘ఏం మారింది?’ అని ఒక గడి పెట్టాను. అక్కడ నంబరు రాయనిదే నోటీసు పూర్తికాదు. ఖర్చులేని పని కాబట్టి ఎవరూ అడ్డుచెప్పలేదు. ఆ గడిని నిజంగా నింపుతారో, లేక గీత కొట్టి వదిలేస్తారో నేను అక్కడ ఉండి చూడలేను. నా పేజీలు అయిపోయాయి.

ఆఖరి రోజు ఆమె ఆ రెండు వాక్యాల కాగితానికి జిరాక్సు తీయించుకుంది. మడత పెట్టకుండా పాలిథిన్ కవరులో, కార్డు వెనకాల పెట్టుకుంది. “ఇంగ మీరు రాసిన నోటీసుది గూడ ఒక జిరాక్సు ఇయ్యిన్రి మేడమ్” అంది. ఎందుకని అడిగాను.

“రెండు ఒక్కకాడ ఉండాలె గద. లేకుంటే ఇది దేనికి జవాబో ఎట్ల తెలుస్తది?”

ఇచ్చాను. నోటీసు కింద మేనేజరు సంతకం ఉంది. అనువాదం చేసినవాళ్ల పేరు రాయడానికి అందులో చోటు లేదు.